పరదేశంలో కాపురం, స్వదేశంలో లెక్క

క్రిస్మస్ మాసంలో ప్రతి సంఘంలోనూ చదివే లూకా సువార్త రెండవ అధ్యాయం ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో మొదలవుతుంది. నజరేతులో కాపురముంటున్న యోసేపు, పేరు రాయించుకోవడానికి బేత్లెహేముకు ప్రయాణమై వెళ్ళవలసి వచ్చింది. నిండు చూలాలైన మరియను కూడా వెంటబెట్టుకొని వెళ్ళాడు. ఉంటున్నది ఒకచోట, పేరు రాయించుకునేది వేరొకచోట. మనం దీనిని పండుగనాటి వాక్యభాగంగా విని ఊరుకుంటాం. అమెరికా పౌరసత్వం ఉండి ఇతర దేశాలలో నివసించే కుటుంబాలకు మాత్రం ఇది ఏటేటా వచ్చే పని. మనిషి కదలనక్కరలేదు గాని, కాగితం వెళ్ళి తీరాలి.

అమెరికావారి పన్నుల గొడవ మన పల్లెటూరి సంఘాలకెందుకని కొందరు పాఠకులు అనుకోవచ్చు. ఒక్కసారి మీ సంఘంలోని కుటుంబాలను గుర్తుచేసుకోండి. కొడుకో కూతురో అమెరికా వెళ్ళి, అక్కడ పౌరసత్వం తీసుకొని, ఉద్యోగరీత్యా దుబాయికో సింగపూరుకో మారినవారున్నారు. తల్లిదండ్రులను చూసుకోవాలని పిల్లలతో హైదరాబాదుకో గుంటూరుకో తిరిగి వచ్చినవారున్నారు. గ్రీన్ కార్డు తీసుకొని, అక్కడి చలికి తట్టుకోలేక మళ్ళీ ఊరికి చేరుకున్న తాతయ్యలు, అమ్మమ్మలున్నారు. చట్టం దృష్టిలో వీరందరూ ఒకే గుంపు. గ్రీన్ కార్డును లాంఛనంగా తిరిగి అప్పగించేవరకు అది పెట్టెలో ఉన్నా, లెక్క చెప్పే బాధ్యత సాధారణంగా తప్పదు.

మా కలానికి పని పెట్టినది ఒక టీచరమ్మగారి కుటుంబం. వారి అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాం, పేర్లు మాత్రం వద్దన్నారు. ఆమె మిషన్ స్కూలులో పనిచేసి రిటైరయ్యారు. వచ్చిన సొమ్ములో 14 లక్షలు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, "రేపు నాకేమైనా అయితే నీవు తిరగక్కరలేకుండా" అని కూతురి పేరు కూడా జాయింటుగా రాయించారు. ఏ తల్లి అయినా చేసే పనే. ఆ కూతురు, అల్లుడు అమెరికా పౌరులు. 2018లో టీచరమ్మగారికి జబ్బు చేసినప్పుడు ఇద్దరు పిల్లలతో హైదరాబాదు వచ్చేశారు. అల్లుడుగారు ఇక్కడ ఉద్యోగంలో చేరారు, జీతంలోంచే ఇన్‌కమ్ టాక్స్ కోసుకుంటున్నారు. "ఇక్కడ కడుతున్నాం కదా, అక్కడ ఇంకేం కట్టాలి" అని అమెరికా రిటర్ను వేయడం మానేశారు. దాచిపెట్టాలన్న ఆలోచన వారికి లేదు. ఎవరూ చెప్పలేదు, వారూ అడగలేదు.

2023లో బ్యాంకువారు ఒక ఫారం ఇచ్చి, ఖాతాదారులలో ఎవరైనా అమెరికా పౌరులా అని అడిగారు. అప్పుడు గాని కథ బయటపడలేదు.

అసలు ఈ నియమం ఎక్కడినుండి వచ్చిందో చెప్పుకోవాలి. చాలా దేశాలు తమ గడ్డమీద నివసించేవారినే పన్ను అడుగుతాయి. మనవాడు మస్కట్‌లో సంపాదించుకున్న జీతాన్ని మన ప్రభుత్వం అడగదు. అమెరికా మాత్రం తన పౌరుడు ప్రపంచంలో ఎక్కడున్నా, ఏ దేశంలో సంపాదించినా లెక్క అడుగుతుంది. ఇలా పౌరసత్వాన్నిబట్టి పన్ను అడిగే దేశంగా దానితోపాటు పేరు వినబడేది ఆఫ్రికాలోని చిన్న దేశం ఎరిత్రియా ఒక్కటే.

1842 జూలై 31న హయ్యర్ దొరగారు గుంటూరులో అడుగుపెట్టేనాటికి అమెరికాలో కేంద్ర ఆదాయపు పన్నే లేదు. అంతర్యుద్ధం ఖర్చుకోసం 1861లో మొదటిసారి చట్టం చేశారు. మామూలు ఆదాయంపై నూటికి 3 డాలర్లు వేసి, విదేశాలలో కాపురమున్న పౌరులకు అమెరికాలోని ఆస్తులపై వచ్చే ఆదాయంమీద నూటికి 5 వేశారు. యుద్ధ సమయంలో దేశం విడిచి ఉన్నవారిమీద కొంత కోపం కూడా అందులో ఉందనిపిస్తుంది. 1864లో ఆ చట్టాన్ని విదేశాలలో ఉన్న పౌరుల ఆదాయమంతటికీ విస్తరింపజేశారు. కనుక 1866లో క్లౌ దొరగారు ఒంగోలు వచ్చేసరికి ఆ పన్ను అమలులోనే ఉంది. 1872లో అది ఆగిపోయింది. 1913లో మళ్ళీ వచ్చి స్థిరపడింది. మెక్సికో నగరంలో కాపురముంటూ, అక్కడి ఆస్తిపై ఆదాయం పొందుతున్న కుక్ అనే పౌరుడు ఇది అన్యాయమని కోర్టుకెళ్ళగా, 1924లో అమెరికా సుప్రీంకోర్టు అతనికి విరుద్ధంగా తీర్పు చెప్పింది. పౌరుడు ఎక్కడున్నా దేశపు రక్షణ అతనికి ఉంటుంది గనుక పన్ను అడిగే హక్కు దేశానికి ఉంటుందని ఆ తీర్పు సారాంశం. వంద సంవత్సరాలు దాటినా అదే నిలిచి ఉంది.

అయితే ఒకే జీతానికి రెండు దేశాలలో పూర్తి పన్ను కట్టాలని కాదు. ఇక్కడే చాలామంది భయపడి రిటర్ను దగ్గరకే పోరు. రెండు వెసులుబాట్లున్నాయి. 1918 నుండి ఉన్నది ఒకటి: నివసించే దేశంలో కట్టిన ఆదాయపు పన్నును అమెరికా పన్నులోంచి తీసివేయడం. దీనికి ఫారం 1116. రెండవది 1926లో వచ్చింది: విదేశంలో కష్టపడి సంపాదించిన జీతంలో ఒక హద్దువరకు పన్ను లెక్కలోంచి మినహాయించడం. దీనికి ఫారం 2555. ఆ హద్దు 2024 సంవత్సరానికి ఒక్కొక్కరికి 1,26,500 డాలర్లు, 2025కి 1,30,000 డాలర్లు. ఇందుకు వరుసగా 12 నెలల కాలంలో 330 పూర్తి రోజులు విదేశంలో ఉండాలి, లేదా ఆ దేశంలో నిజమైన స్థిరనివాసం ఏర్పరచుకున్నట్లు చూపాలి. జీతానికే ఈ మినహాయింపు. వడ్డీకి, అద్దెకు, పింఛనుకు వర్తించదు.

ఏది ఎంచుకోవాలన్నది ఉంటున్న దేశాన్నిబట్టి ఉంటుంది. దుబాయి వంటి చోట జీతంపై పన్ను లేదు గనుక తీసివేయడానికి అక్కడ కట్టినదేమీ ఉండదు. అటువంటివారికి మినహాయింపే మేలు. మన దేశంలో మంచి జీతం ఉన్నవారు ఇక్కడే గట్టిగా పన్ను కడతారు గనుక మొదటి పద్ధతి తరచుగా లాభిస్తుంది. పిల్లలున్నవారు ఇంకొక సంగతి చూసుకోవాలి. పన్ను లేకపోయినా పిల్లల పేరున చేతికి తిరిగి ఇచ్చే సొమ్ము ఒకటుంది. ఫారం 2555 వేసినవారికి ఆ తిరిగి వచ్చే భాగం రాదు. అంతేకాదు, జీతమంతా మినహాయింపులో చూపినవారు వృద్ధాప్యానికని అమెరికాలో పెట్టుకునే ఐ.ఆర్.ఏ. ఖాతాలో ఆ సంవత్సరం డబ్బు వేయడానికి వీలులేదు. లెక్కలో సంపాదనే లేదు గదా! ఒకసారి మినహాయింపును వదులుకుంటే, ప్రత్యేక అనుమతి లేకుండా అయిదేళ్ళపాటు మళ్ళీ తీసుకోవడానికీ లేదు. కనుక మొదటి సంవత్సరమే కూర్చొని ఆలోచించుకోవాలి. పక్కింటివారు ఏది వేశారో చూసి మనమూ అదే వేయడం పొరపాటు.

ముఖ్యమైన మాట: పన్ను సున్నా అయినా రిటర్ను వేయాలి. మినహాయింపు దానంతటది రాదు, అడిగితేనే వస్తుంది. మామూలు గడువు ఏప్రిల్ 15. విదేశంలో ఉన్నవారికి జూన్ 15 వరకు సమయం ఉంది, కోరుకుంటే అక్టోబరు 15 వరకు. కట్టవలసిన పన్నుంటే వడ్డీ మాత్రం ఏప్రిల్ 15 నుండే నడుస్తుంది. భార్య అమెరికా పౌరురాలై, భర్త భారతీయుడై, అమెరికాతో అతనికి ఏ సంబంధమూ లేనప్పుడు ఆమె తరచుగా విడిగా రిటర్ను వేస్తుంది. అలా విడిగా వేసేవారికి ఆదాయపు హద్దు ఎంతో తెలుసా? 5 డాలర్లు. ఇంటిపట్టున ఉండే ఇల్లాలికి సేవింగ్స్ వడ్డీ 5 డాలర్లు వచ్చినా రిటర్ను వేయవలసినదే. మేము ఈ అంకెను రెండుసార్లు సరిచూసుకున్నాం.

ఇక మిషనరీ కుటుంబాలు. మన ప్రాంతాలకు వారు రావడం ఇప్పుడు అరుదైనా, ఆఫ్రికా, ఆసియా దేశాలలో ఎందరో నేటికీ సేవ చేస్తున్నారు. మన తాతల కాలంలో దొరగారికి, దొరసానమ్మకు డబ్బు చిక్కులుండవని ఊరంతా అనుకునేవారు. ఆ బంగళా లోపలి లెక్కలు ఎవరికీ తెలియవు. నేటి మిషనరీ కుటుంబపు లెక్క చూద్దాం. అభిషేకం పొందిన పాస్టరుగారికి జీతమూ ఇంటి భత్యమూ కలిపి ఏడాదికి 40,000 డాలర్లు అనుకుందాం. మినహాయింపు వలన ఆదాయపు పన్ను సున్నా అవుతుంది. అమ్మయ్య అనుకుంటే పొరపాటే. అమెరికా చట్టం పాస్టరును సోషల్ సెక్యూరిటీ విషయంలో స్వయంగా వృత్తి చేసుకునేవాడిగా చూస్తుంది. ఉద్యోగి అయితే సగం యజమాని కడతాడు. పాస్టరుగారు మొత్తం నూటికి 15.3 తానే కట్టాలి. ఆదాయపు పన్నుకు లెక్కరాని ఇంటి భత్యం కూడా దీనిలోకి వస్తుంది. ఫారం 2555 ఇక్కడ పనిచేయదు. 40,000 డాలర్లమీద ఇది సుమారు 5,650 డాలర్లు. సంఘాల కానుకలమీద బ్రతికే కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. ముందు తెలియక, ఏప్రిల్‌లో చేతిలో డబ్బులేక అప్పుచేసే ప్రమాదం ఉంది. నెలనెలా విడిగా తీసిపెట్టడం తప్ప దీనికి మందు లేదు.

దీనినుండి తప్పించుకునే తలుపు ఒకటుంది. ఆ తలుపు దగ్గరే మనస్సాక్షి పరీక్ష కూడా ఉంది. ప్రభుత్వ బీమా సహాయం తీసుకోవడం తన మతవిశ్వాసానికి విరుద్ధమని నమ్మే సేవకుడు ఫారం 4361 వేసి సేవలో వచ్చిన సంపాదనపై ఈ పన్నునుండి మినహాయింపు కోరవచ్చు. సేవలో సంపాదన మొదలైన రెండవ సంవత్సరపు రిటర్ను గడువులోపల వేయాలి. ఒకసారి ఆమోదమైతే వెనక్కు తీసుకోవడానికి మామూలుగా వీలుండదు. డబ్బు మిగులుతుందన్న కారణంతో ఇది వేయరాదని ఆ ఫారమే చెబుతుంది. అక్కడ సంతకం చేయడమంటే ఒట్టు పెట్టుకున్నట్లే. విశ్వాసరీత్యా అభ్యంతరమేమీ లేనివాడు, నెలనెలా కొన్ని వందల డాలర్లు మిగులుతాయని అందులో సంతకం పెడితే, ఆ సేవకుడు పుల్పిట్ ఎక్కి ఏమి బోధిస్తాడో మాకు తెలియదు. పైగా నష్టం కూడా ఉంది. అక్కడ పది సంవత్సరాల పనికి సమానమైన జమ ఉంటేనే వృద్ధాప్యపు పింఛను వస్తుంది. ముప్పై ఏళ్ళు సేవచేసి, 65వ ఏట స్వదేశానికి వెళ్ళి, పింఛనూ లేక మెడికేర్ కూడా లేక నిలబడితే ఆ ఇల్లాలికి ఎవరు సమాధానం చెబుతారు?

సోషల్ సెక్యూరిటీ రెండు దేశాలలో కట్టే బాధ తప్పించడానికి అమెరికా దాదాపు 30 దేశాలతో ఒప్పందాలు చేసుకుంది. మన దేశంతో అటువంటి ఒప్పందం లేదు. పన్నులకు సంబంధించి 1989లో కుదిరిన ఒప్పందం మాత్రం ఉంది. దాని ప్రకారం అమెరికా ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ పింఛనుపై పన్ను వేసే హక్కు అమెరికాదే. ఊరికి తిరిగి వచ్చి ఆ పింఛనుతో జీవిస్తున్న పెద్దలు ఈ మాట తమ ఆడిటరుగారికి చెప్పడం మరచిపోవద్దు.

ఇప్పుడు టీచరమ్మగారి డిపాజిట్ దగ్గరకు వద్దాం. 1970 నాటి బ్యాంకుల చట్టం క్రింద అమెరికా పౌరులు తమ విదేశీ ఖాతాల వివరాలను ప్రతి ఏటా తెలియజేయాలి. దీనిని ఎఫ్‌బార్ అంటారు. ఇది పన్ను కాదు, సమాచారం మాత్రమే. ఖాతాలన్నీ కలిపి సంవత్సరంలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే చాలు. అంటే సుమారు 9 లక్షల రూపాయలు. చట్టం వచ్చిన కొత్తలో పదివేల డాలర్లంటే పెద్ద సొత్తు. ధరలెన్ని రెట్లు పెరిగినా ఆ హద్దు వాటితోపాటు పెరగడం లేదు. నేడు రిటైరైన ఒక టీచరు ఫిక్స్‌డ్ డిపాజిట్ దానిని దాటిపోతుంది.

ఖాతాలో డబ్బు ఎవరిదన్నది ఇక్కడ ప్రశ్న కాదు, పేరు ఉంటే చాలు. జాయింటు ఖాతా అయితే మొత్తం విలువ రాయాలి. సొంత డబ్బు పైసా లేకపోయినా సంతకం పెట్టే అధికారం ఉంటే కూడా రాయాలి. మన సంఘాలవారు ఇది గమనించాలి. అమెరికా పౌరసత్వమున్న ఒక సహోదరుడు తిరిగి వచ్చాడు, చదువుకున్నవాడు, నమ్మకస్థుడు అని ఎంతో సంతోషించి అతనిని సంఘ కోశాధికారిగా పెట్టి చెక్కు సంతకం ఇస్తారు. సంఘం ఖాతా కూడా అతని ఎఫ్‌బార్‌లో చేరుతుంది. అలాగని ఆయనకు ఆ బాధ్యత ఇవ్వవద్దని మేము చెప్పడం లేదు. ముందు ఆయనకు తెలియనివ్వండి. నగదు విలువ ఉన్న జీవితబీమా పాలసీలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. అమ్మ మెడలో గొలుసు, బీరువాలో బంగారం, సొంత పేరున ఉన్న పొలం, ఇల్లు రావు.

ఈ రిపోర్టు వేయకపోతే జరిమానా తెలియక చేసిన తప్పుకే 10,000 డాలర్ల వరకు అని చట్టంలో ఉంది, ధరలనుబట్టి ఆ అంకె పెరుగుతూ వస్తోంది. రొమేనియాలో పుట్టి, అమెరికా పౌరుడై, మళ్ళీ రొమేనియా వెళ్ళి స్థిరపడిన బిట్నర్ అనే వ్యాపారి అయిదేళ్ళ రిపోర్టులు సకాలంలో వేయలేదు. అధికారులు ఖాతాకొక తప్పుగా లెక్కకట్టి 272 తప్పులకు 27 లక్షల 20 వేల డాలర్లు జరిమానా వేశారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు మరొకవైపుగా చీలి, ఖాతాకు కాదు రిపోర్టుకే ఒక జరిమానా అని తేల్చింది. అది 50,000 డాలర్లకు దిగింది. ఆయన ధనవంతుడు, పోరాడగలిగాడు. అందరికీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళే స్తోమత ఎక్కడిది?

2010లో వచ్చిన ఫాట్కా చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసింది. అమెరికా పౌరుల ఖాతాల వివరాలను ఇతర దేశాల బ్యాంకులే పంపించే ఏర్పాటు అది. మన దేశం 2015లో ఆ ఒప్పందంపై సంతకం చేసింది. టీచరమ్మగారికి బ్యాంకు ఇచ్చిన ఫారం ఇందులోనిదే. ఇదిగాక, విదేశాలలో నివసించే దంపతులు కలిసి రిటర్ను వేసేటప్పుడు వారి విదేశీ ఆర్థిక ఆస్తులు సంవత్సరాంతానికి 4 లక్షల డాలర్లు గాని, మధ్యలో ఎప్పుడైనా 6 లక్షలు గాని దాటితే ఫారం 8938 కూడా జతచేయాలి. హైదరాబాదులో ఫ్లాటు అమ్మి డబ్బు బ్యాంకులో వేసినవారికి ఇది త్వరగానే తగులుతుంది.

పొదుపు విషయంలో మన మామూలు తెలివి అమెరికా పౌరుడికి కొన్నిచోట్ల ఎదురు తిరుగుతుంది. పి.పి.ఎఫ్. వడ్డీకి ఇక్కడ పన్ను లేదు గాని అమెరికా లెక్కలో అది ఆదాయం. వ్యవసాయ ఆదాయానికి ఇక్కడ కేంద్రం పన్ను వేయదు. తండ్రి ఇచ్చిన మూడెకరాలు కౌలుకిస్తే వచ్చే డబ్బును అమెరికా అడుగుతుంది. అన్నిటికంటే చిక్కు మ్యూచువల్ ఫండ్లతో. 1986లో చేసిన ఒక చట్టంవలన విదేశీ ఫండ్లపై లాభానికి వేరే కఠినమైన లెక్క ఉంది, ఒక్కొక్క ఫండుకు ఒక్కొక్క ఫారం. నెలకు రెండువేలు చొప్పున నాలుగు ఫండ్లలో వేస్తున్న వ్యక్తి, వచ్చిన లాభంకంటే ఎక్కువ లెక్క రాసినవారికి ఇచ్చుకోవలసి రావచ్చు. అమెరికా పౌరులు ఇక్కడ పొదుపు చేసేటప్పుడు మామూలు బ్యాంకు డిపాజిట్ వంటి తేలికైనది చూసుకోవడం మంచిదని మా అభిప్రాయం. వడ్డీ తక్కువైనా నిద్ర పడుతుంది.

తల్లిదండ్రులు పొలం అమ్మి అమెరికా పౌరురాలైన కూతురికి పెద్ద మొత్తం ఇచ్చినప్పుడు ఆమెకు దానిపై పన్ను ఉండదు. ఏడాదిలో 1,00,000 డాలర్లు దాటితే మాత్రం ఫారం 3520 లో తెలియజేయాలి. తెలియజేయకపోతే నెలకు నూటికి 5 చొప్పున, నూటికి 25 వరకు జరిమానా పడవచ్చు. పన్నులేని కానుకకు ఇంత జరిమానా ఏమిటని అడిగేవారికి మా దగ్గర జవాబు లేదు. ఓ.సి.ఐ. కార్డు ఉన్న బిడ్డలు ఇక్కడ వ్యవసాయ భూమి కొనడానికి వీలులేదు గాని, వారసత్వంగా పొందవచ్చు. అలా సంక్రమించిన ఆస్తికి తల్లి లేక తండ్రి చనిపోయిన రోజునాటి విలువను అమెరికా కొనుగోలు ధరగా చూస్తుంది. కనుక దుఃఖంలో ఉన్నా, ఆ సంవత్సరమే విలువ కట్టించి కాగితం దాచుకుంటే తరువాత అమ్మేటప్పుడు ఎంతో మేలు.

దశమభాగం గురించి కూడా ఒక మాట. ఊరి సంఘానికి నేరుగా ఇచ్చిన కానుకను అమెరికా రిటర్నులో తగ్గించుకోవడానికి సాధారణంగా కుదరదు. అక్కడ నమోదైన సంస్థల ద్వారా ఇచ్చినదే లెక్కకు వస్తుంది. మందిరం పైకప్పుకు లక్ష ఇచ్చిన సహోదరుడు "రసీదు అమెరికాలో పనికొస్తుందా" అని అడిగితే లేదని నిజం చెప్పండి. కానుక కానుకే.

మన దేశం వైపునుండి కూడా లెక్క ఉంది. తిరిగి వచ్చినవారికి మొదట రెండు మూడు సంవత్సరాలు కొంత వెసులుబాటుంటుంది. తరువాత అమెరికాలోని ఇంటి అద్దె, బ్యాంకు వడ్డీ ఇక్కడి రిటర్నులో చూపాలి, అక్కడి ఆస్తుల జాబితా కూడా ఇవ్వాలి. 2015 నాటి నల్లధనం చట్టంలో దీనికి 10 లక్షల రూపాయల జరిమానా ఉంది. వారి సంవత్సరం జనవరినుండి డిసెంబరు, మనది ఏప్రిల్‌నుండి మార్చి. ఒకే జీతాన్ని రెండురకాలుగా కోసి లెక్కవేయాలి. అందుకే నెలనెలా జీతపు కాగితాలు విడివిడిగా దాచాలి. ఫారం 16 ఒక్కటే సరిపోదు.

టీచరమ్మగారి ఇంట ఆ సాయంత్రం జరిగినది ఆమె మాటల్లోనే విన్నాం. కూతురు ఏడుస్తూ, "అమ్మా, నీ డిపాజిట్ వలన మాకు జరిమానా పడుతుందేమో" అన్నదట. "నా డబ్బు నేను దాచుకుంటే నీకు జరిమానా ఏమిటే" అని ఆమె. అల్లుడుగారు మాట్లాడలేదట. ఆయన భయం అంతా పాస్‌పోర్టు గురించి. పెద్ద మొత్తంలో పన్ను బాకీ నిలిచిపోతే పాస్‌పోర్టు ఆపవచ్చని 2015లో ఒక చట్టం వచ్చింది. ఆ రాత్రి ఆయన ఆ మాట చదివి, ఇంకేమీ చదవకుండా పడుకున్నారట. నాలుగు నెలలు ఆ ఇంట్లో డబ్బు మాట ఎత్తలేదు. "ఆ నాలుగు నెలలే నాకు జబ్బుకంటే కష్టమైనవి. తప్పంతా నాదే అనుకున్నాను, ఎవరూ కాదనలేదు" అన్నారు టీచరమ్మగారు.

చివరకు ఆమే ఒకరోజు కుటుంబ ప్రార్థన అయిన తరువాత ట్రంకు పెట్టె తీసి, డిపాజిట్ బాండ్లు, పాస్‌బుక్కులు, పాలసీలు అన్నీ మంచంమీద పరిచి, "అల్లుడుగారూ, ఇవిగో. ఏమి రాయాలో మీరు రాయండి, నేను చదివి పెడతాను" అన్నారు. ముగ్గురూ కలిసి ఆరు సంవత్సరాల లెక్కలు తీశారు. ప్రతి ఖాతాలో ఏ సంవత్సరం ఎక్కువలో ఎక్కువ ఎంత ఉన్నదో టీచరమ్మగారు పాత బడి రిజిస్టరు రాసినట్లు గళ్ళు గీసి రాశారు.

వారివంటి కుటుంబాలకోసం అమెరికా ఆదాయపు పన్ను శాఖ ఒక దారి పెట్టింది. 2012లో మొదలై 2014లో విస్తరించిన ఏర్పాటు అది. తెలియక మానేసినవారు, శాఖవారు తమంతట తాము వచ్చి అడగకముందే, వెనకటి మూడేళ్ళ రిటర్నులు, ఆరేళ్ళ ఎఫ్‌బార్‌లు వేసి, ఎందుకు మానేశారో ఉన్నది ఉన్నట్లు ఫారం 14653 లో రాసి ఇవ్వాలి. విదేశంలో నివసిస్తున్నట్లు రుజువైతే జరిమానా వేయరు. కట్టవలసిన పన్ను, వడ్డీ మాత్రం కట్టాలి. కావాలని దాచినవారికి ఈ దారి లేదు, అబద్ధం రాస్తే అదే పెద్ద నేరం. ఎఫ్‌బార్ వేయడానికి రుసుమేమీ లేదు, కంప్యూటరులో ఎవరైనా వేసుకోవచ్చు. ఈ మాట చెప్పకుండా పెద్ద మొత్తాలు అడిగేవారున్నారు, జాగ్రత్త.

వారి లెక్క ఇలా తేలింది. అల్లుడుగారి జీతంపై ఇక్కడ కట్టిన పన్ను అక్కడి పన్నుకంటే ఎక్కువ గనుక జీతంమీద బాకీ లేదు. టీచరమ్మగారి డిపాజిట్ వడ్డీ, డబ్బు ఆమెది గనుక, కూతురి ఆదాయంలో చేరలేదు. రిపోర్టులో ఖాతా మాత్రం చేరింది. అల్లుడుగారు వేస్తున్న మూడు మ్యూచువల్ ఫండ్లమీదే కొంత పన్ను పడింది. పన్నుకంటే లెక్కలు రాసినందుకు ఇచ్చిన రుసుమే ఎక్కువైంది. ఆ ఫండ్లు అమ్మేశారు. కూతురి పేరు డిపాజిట్‌లో తీసివేయాలా వద్దా అని చాలా ఆలోచించి, చివరకు జాయింటు తీసి నామినీగా రాయించారు.

ఆ గళ్ళ పుస్తకం టీచరమ్మగారు మాకు చూపించారు. ఎర్ర సిరాతో డిసెంబరు 31 నాటి నిల్వ, నీలం సిరాతో ఆ ఏడు అన్నిటికంటే ఎక్కువైన నిల్వ. ఈ సంవత్సరపు పేజీలో తొమ్మిది గళ్ళు నిండి, మూడు ఖాళీగా ఉన్నాయి.